డిస్కు తుడిచే ముందు.. ఒక్కసారి ఆగండి!

అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో చమురు రాబడి నిధి నుంచి ప్రజలకు ఏటా వాటా పంచుతారు. 2006 జూలైలో అక్కడి రెవెన్యూ శాఖలో ఒక సాంకేతిక ఉద్యోగి డిస్కు ఫార్మాట్ చేస్తూ, ఆ వాటా దరఖాస్తులున్న డిస్కును తుడిచేశాడు. పోనీ నకలుందిగా అనుకుంటే, నకలు డిస్కునూ పొరపాటున ఫార్మాట్ చేశాడు. ఇక మిగిలింది టేపులు. తీరా చూస్తే అవి చదవడానికి రాలేదు. స్కాన్ చేసి పెట్టిన సుమారు 8 లక్షల కాగితాల నకళ్లు పోయాయి. అసలు కాగితాలు 300 అట్టపెట్టెల్లో ఉండబట్టి గట్టెక్కారు. సెలవు రోజుల్లో కూడా కూర్చుని అన్నీ మళ్లీ ఎక్కించారు. ఖర్చు 2 లక్షల డాలర్లు దాటింది.

మన ఇళ్లలో అలాంటి అట్టపెట్టెలు లేవు. పూర్వం పెళ్లి ఫొటో పాడైతే స్టూడియోలో నెగెటివ్ ఉండేది. ఇప్పుడు ఫొటోలైనా, పొలం కాగితాల స్కాన్‌లైనా ఒక్క కంప్యూటర్‌లోనే. అది మొరాయించిందని మండల కేంద్రంలో దుకాణానికి తీసుకెళితే ‘విండోస్ మళ్లీ వేయాలి’ అంటారు. ‘డి’లో ఉన్నవి ఎక్కడికీ పోవులే అని మన ధీమా. చాలా కంప్యూటర్లలో ‘సి’, ‘డి’ వేర్వేరు డిస్కులు కావు. ఒకే పొలానికి గట్టు వేసి చేసిన రెండు మడులు. గట్లు చెరిపి మొత్తం తుడిస్తే రెండూ పోతాయి. పైగా విండోస్ ఎక్కించేటప్పుడు తెర మీద ఆ అక్షరాలు మామూలుగా కనిపించవు. ‘పార్టిషన్ 1, 2’ అని అంకెలే ఉంటాయి. కనుక సైజు చూసి పోల్చుకోవాలి. 500 జీబీ డిస్కు అక్కడ 465 దగ్గర చూపిస్తుంది, కంగారుపడకండి. ఇంకా తేలికైన ఉపాయం, తుడవనక్కర్లేని పెన్‌డ్రైవ్‌లు, బయటి డిస్కులు ముందే ఊడదీసి పక్కన పెట్టడం.

పెన్‌డ్రైవ్ పెట్టగానే ‘వాడాలంటే ఫార్మాట్ చేయాలి’ అని ఒక్కోసారి కంప్యూటరే అడుగుతుంది. అది సలహా అనుకుని సరేననకండి. లోపలి ఫైళ్ల పట్టిక దెబ్బతిన్నా అలాగే అడుగుతుంది, ఫొటోలు లోపలే ఉండొచ్చు. ‘క్యాన్సిల్’ నొక్కి మరో కంప్యూటర్‌లో చూడండి. ఫోన్‌లో మెమరీ కార్డును ‘ఇంటర్నల్’గా మార్చినా ముందు కార్డంతా తుడిచేస్తుంది.

తుడిచేశాక తెలిసిందా? ‘క్విక్ ఫార్మాట్’ అయితే కొంత ఆశ ఉంది. అడంగల్‌లో పేరు కొట్టేసినా పొలం అక్కడే ఉన్నట్లు, ఫైళ్లు కొంతకాలం డిస్కులోనే ఉంటాయి. ఇంకొకరు వచ్చి దున్నితేనే చిక్కు. కాబట్టి దానిపై ఒక్క పాట కూడా ఎక్కించకుండా తీసి, రికవరీ తెలిసినవారికి ఇవ్వాలి. పూర్తి ఫార్మాట్ చేశారంటే దున్నేసినట్లే. కొత్త కంప్యూటర్లలోని ఎస్‌ఎస్‌డీలు ఖాళీ చోటును తమంతట తామే శుభ్రం చేసుకుంటాయి గనుక వాటిలోనూ ఆశ తక్కువే.

దుకాణానికి వెళ్లే ముందు కావలసినవన్నీ వేరే డిస్కులోకి ఎక్కించండి. అలాస్కా టేపుల్లా కాకుండా, నాలుగైదు ఫైళ్లు అక్కడి నుంచే తెరిచి చూసుకోండి. ఆ డిస్కును మాత్రం వెంట తీసుకెళ్లకండి, ఇంట్లోనే ఉంచండి.