అడవికోడి, ఊరికోడి

నగరాలలోని ఉద్యానవనాలకు పోయినప్పుడు, కొలనులో ఈదుచున్న బాతులలో ఏది పెంపుడుదో, ఏది ఆకాశమార్గాన పోతూ దిగినదో పోల్చుకొనుట అంత కష్టం కాదు. పెంపుడు పక్షి కాలికి కడియం ఉండవచ్చును. రెక్క ఈకలు కత్తిరించి ఉండవచ్చును. మనిషిని చూడగానే అది గింజల కొరకు ఎదురువచ్చును. స్వేచ్ఛగా తిరుగు పక్షి అడుగుల చప్పుడుకే లేచిపోవును. కాని కంచె లేనిచోట, కడియం లేనిచోట, రెండు పక్షులదీ ఒకే జాతి ఐనచోట, ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుట సులభం కాదు. మన తూర్పు కనుమలలో, అరకులోయ పరిసరాలలో, ఈ చిక్కు ప్రతి ఉదయమూ కోడికూత రూపాన వినిపించుచునే ఉన్నది.

అనంతగిరి, సుంకరమెట్ట ప్రాంతాలలో కాఫీతోటల అంచున తెల్లవారుజామున నిలిచి చెవి యొగ్గండి. ఊరివైపునుండి ఒక కూత; అడవివైపునుండి దానికి బదులు మరొక కూత. ఊరిపుంజు కూత చివర సాగుతుంది. అడవిపుంజు కూత చివర తుంచినట్లు ఠక్కున ఆగిపోతుంది. ఇదే మొదటి గుర్తు.

మన దేశంలో అడవికోళ్ళు ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి ఎర్ర అడవికోడి, రెండవది బూడిదరంగు అడవికోడి. స్థూలంగా చెప్పవలెనంటే గోదావరికి ఉత్తరాన ఎర్రది, దక్షిణాన బూడిదరంగుది. అరకు కొండలలో కూయునది ఎర్ర అడవికోడి. మన ఇండ్లలోని కోళ్ళకు ఇదే మూలజాతి అని చార్లెస్ డార్విన్ 1868లో ప్రకటించిన గ్రంథంలో వ్రాసినాడు. 2020లో వెలువడిన జన్యుపరిశోధన ఆ మాటను బలపరచుచునే, మరొక విశేషం చెప్పినది. పెంపుడుకోడి ముఖ్యంగా నైఋతి చైనా, ఉత్తర థాయ్‌లాండ్, బర్మా ప్రాంతాలలోని ఎర్ర అడవికోళ్ళ శాఖనుండి పుట్టినదట. అనగా, అరకు గూడెంలోని కోడి ఎదురుగా ఉన్న అడవినుండి నేరుగా దిగివచ్చినది కాదు. అది తూర్పుదేశాలనుండి మనుష్యుల వెంట వచ్చిన చుట్టం. అడవిలో ఉన్నది దాని దాయాది.

ఈ దాయాదులను కంటితో పోల్చుకొనుట ఎట్లు? పందెపు కోళ్ళ రంగులు తెలిసినవారు అడవిపుంజును చూచి 'డేగ' అనుకొనుట సహజం. మెడ, వీపు బంగారు ఎరుపు, రొమ్ము నలుపు. కాబట్టి రంగును మాత్రమే నమ్మరాదు. కాళ్ళు చూడండి. అడవికోడి కాళ్ళు పలకరాతి రంగులో ఉండును. పసుపుపచ్చని కాళ్ళు కనబడినచో అందులో ఊరికోడి రక్తం ఉన్నదని అనుకొనవచ్చును. ఆ పసుపుదనం ఎర్ర అడవికోడిది కాదు. బూడిదరంగు అడవికోడితో కలియుటవలన పెంపుడుకోళ్ళకు సంక్రమించినదని 2008లో స్వీడన్ శాస్త్రజ్ఞులు జన్యుపరీక్షలతో చూపినారు. అట్లని నల్లకాళ్ళున్నదెల్ల అడవిదే అనరాదు; ఊరికోళ్ళలోనూ నల్లకాళ్ళవి కలవు.

తరువాత పెట్టను చూడండి. ఊరిపెట్టకు తలపై ఎర్రని తురాయి స్పష్టంగా ఉండును. అడవిపెట్టకు అది దాదాపు కనబడదు. అడవిపుంజుకు తోక మొదట తెల్లని ఈకల కుచ్చు ఉండును. తోకను ఊరిపుంజువలె నిక్కించక నేలకు సమంగా పట్టుకొని నడచును. గట్టి గుర్తు వానకాలంలో తెలియును. జత కట్టు కాలం ముగిసిన పిమ్మట అడవిపుంజు మెడలోని బంగారు ఈకలు రాలిపోయి, వాటిచోట పొట్టి నల్లని ఈకలు వచ్చును. తోకలోని పొడవైన కొడవలి ఈకలు కూడ రాలును. కొన్ని నెలలకు మరల బంగారు మెడ వచ్చును. ఊరిపుంజులకు సాధారణంగా ఈ వేషం మార్పు లేదు.

ఇంత శ్రద్ధగా పోల్చుకొనుట దేనికి? కోడి కోడియే గదా అని అనిపించవచ్చును. కాని చిక్కు అక్కడనే ఉన్నది. పోడుచేల అంచున సామలు, చోళ్ళు ఏరుకొనుటకు అడవిపుంజు వచ్చును, ఊరిపెట్టతో జతకట్టును. ఊరిపుంజులూ పొదలలోనికి పోవును. ఈ కలయిక తరతరాలుగా సాగినచో అడవికోడి పేరునకు మిగిలి, వంశం కరగిపోవును. పీటర్‌సన్, బ్రిస్బిన్ అను పరిశోధకులు మ్యూజియములలో భద్రపరచిన కోళ్ళను పరిశీలించి, పైన చెప్పిన వానకాలపు వేషం తూర్పుదేశాలలో ముందుగా కనుమరుగైనదని 1998లో వ్రాసినారు. తుపాకికి దొరకని పక్షి ఇట్లు ఇంటికోడి స్నేహానికి లొంగి మాయమగుట విచిత్రం. పైగా ఊరికోళ్ళకు వచ్చు కొక్కెర తెగులు అడవికోళ్ళకూ అంటుకొనగలదు.

ఒక ముఖ్యవిషయం మరువరాదు. అడవిలో దొరికిన గ్రుడ్లు తెచ్చి ఊరిపెట్ట క్రింద పొదిగించినంత మాత్రాన ఆ పిల్లలు పెంపుడుకోళ్ళు కావు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చినది. ఆ చట్టం దృష్టిలో గ్రుడ్లు తీయుట కూడ వేటయే. గంపక్రింద మూసిపెట్టిన అడవికోడి కూడ వన్యప్రాణియే. బందీ వేరు, పెంపుడు వేరు. పెంపుడుతనం ఒక పక్షి జీవితకాలంలో వచ్చునది కాదు. వేల ఏండ్లలో వచ్చునది.

అడవి అంచున కాపురముండు వారు ప్రొద్దుగూకకముందే కోళ్ళను గూట్లో మూసి, వాటికి తెగుళ్ళ టీకా వేయించినచో రెండు వంశాలకూ మేలు కలుగును. అరకు చూడవచ్చు పట్టణవాసులు 'అడవికోడి మాంసం' అను ఆశ చూపువారికి దూరంగా ఉండుట మంచిది. తినుట కంటె వినుటలోనే దాని గొప్ప ఉన్నది. ఈసారి ఆ కొండలలో రాత్రి బసచేసినప్పుడు వేకువనే లేచి కూతలు వినండి. సాగునది ఏదో, తుంచినట్లు ఆగునది ఏదో మీ చెవికే తెలియును. ఆ రెండవ కూత వినబడినంతకాలం అక్కడ అడవి ఉన్నదని అర్థం.