తెరచాప నీడలో కువైట్ కళాసీలు

రాయచోటి, రాజంపేట, కడప ప్రాంతాల ముస్లిం కుటుంబాలలో కువైట్ పేరు వినిపించని ఇల్లు అరుదు. కొడుకో, అల్లుడో, కొన్ని ఇళ్ళలో తల్లే అక్కడ పనిచేస్తూ ఉంటుంది. నెలనెలా వచ్చే సొమ్ము, రాత్రివేళ మోగే ఫోను, ఎప్పుడో దొరికే సెలవు, వీటి చుట్టూనే ఇంటి లెక్కలన్నీ తిరుగుతుంటాయి. మన వాళ్ళకు నేడు పని ఇస్తున్న ఆ కువైట్ ఊరి మగవాళ్ళు కూడా ఒకనాడు ఇల్లు విడిచి, ఏడాదిలో అధిక భాగం సముద్రం మీద గడిపి, భార్యాబిడ్డల కోసం సంపాదించినవారే. ఆ ఓడలపై ఒక రోజు ఎలా తెల్లవారేదో, ఎలా ముగిసేదో తెలుసుకోవడానికి మనకొక మంచి సాక్ష్యం మిగిలి ఉంది.

1938 డిసెంబరులో అలన్ విలియర్స్ అనే ఆస్ట్రేలియా నావికుడు ఏడెన్ వద్దనున్న మఅల్లా తీరంలో 'బయాన్' అనే కువైటీ ఓడ ఎక్కాడు. ఆ ఓడకు నఖుదా అలీ బిన్ నాసిర్ అన్నజ్దీ. హద్రమౌత్ తీరంలోని ముకల్లా, షిహ్ర్ రేవులను తాకి, సోమాలియా తీరం వెంట మొగదీషుకు, అక్కడి నుండి లాము, మొంబాసా, జాంజిబార్‌లకు ఆ ఓడ సాగింది. మస్కట్, బహ్రెయిన్‌ల మీదుగా 1939 జూన్‌లో కువైట్ చేరింది. విలియర్స్ ఈ ప్రయాణాన్ని 'సన్స్ ఆఫ్ సింద్‌బాద్' అనే గ్రంథంగా రాసి 1940లో ప్రచురించాడు. ఆయన ముస్లిం కాడు. కొన్నిచోట్ల ఆయన చూపు పరాయివాడి చూపే. అయినా పని తెలిసినవాడు పనివాళ్ళను చూసి రాసిన పుస్తకం కనుక దానికొక విలువ ఉందని మేము భావిస్తున్నాము.

ఆ రకపు ఓడను 'బూమ్' అంటారు. ముందూ వెనుకా రెండు కొసలూ మొనదేలి ఉంటాయి. మలబారు నుండి తెచ్చిన టేకుతో కట్టేవారు. ఇంజను లేదు, గాలి ఎటు వీస్తే అటే బ్రతుకు. చలికాలంలో ఈశాన్య గాలి ఆఫ్రికా వైపు తోసుకుపోతుంది, వేసవిలో నైరుతి గాలి తిరిగి ఇంటికి తెస్తుంది. ఆ నైరుతి గాలి పూర్తిగా రౌద్రం దాల్చక ముందే ఇల్లు చేరాలి. మన కోస్తా రేవుల్లో వినిపించే కళాసీ, సరంగు, లంగరు అనే మాటలు కూడా ఆ అరబీ, పారశీక నావికుల లోకం నుండి మన తీరానికి వచ్చినవే.

ఓడపై రోజు ఫజ్ర్ అజాన్‌తో మొదలయ్యేది. కళాసీలకు వేరే గదులు లేవు. రాత్రి డెక్కు మీద, సరుకుల మీద, తాళ్ళ చుట్టల పక్కన ఎక్కడ చోటు దొరికితే అక్కడ నడుము వాల్చినవారు ఆ పిలుపుకు లేచి, బాల్చీతో సముద్రపు నీరు తోడుకుని వుజూ చేసుకునేవారు. మంచినీరు చెక్క తొట్లలో ఉండేది. అది తాగడానికీ వంటకూ మాత్రమే. ఆ ఇబ్బంది వాళ్ళకు కొత్త కాదు, మనకూ కొత్త కాకూడదు. మేము సముద్రయానం చేస్తాము, వెంట కొద్దిపాటి నీరే ఉంటుంది, దానితో వుజూ చేస్తే దాహంతో మిగిలిపోతాము, మరి సముద్రపు నీటితో చేసుకోవచ్చునా అని ఒక వ్యక్తి దైవప్రవక్త (సఅసం)ను అడిగిన సంగతి అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. ఆ నీరు పరిశుద్ధమైనదేనని ఆయన తెలియజేశారు. పధ్నాలుగు శతాబ్దాల నాడు ఒక పడవవాడు తన దాహాన్ని దాచుకోకుండా అడిగిన ఆ ప్రశ్న వల్లే బయాన్ కళాసీకి తెల్లవారుజామున సందేహం లేకుండా పోయింది. కువైట్ ఊరికే ఆ రోజుల్లో తాగునీరు షత్తుల్ అరబ్ నది నుండి పడవల మీద వచ్చేది. బిందె నీటి విలువ వాళ్ళకు ఇంటి దగ్గరే తెలుసు.

ఇక ఖిబ్లా. మన తెలుగునాట పుట్టినవారికి నమాజు అంటే పడమర ముఖమే. ఆ కళాసీలకు అలా కాదు. కువైట్‌లో నైరుతికి తిరిగి నమాజు చేసినవారు మస్కట్ దగ్గర పడమరకు, ఏడెన్ దగ్గర వాయవ్యానికి, జాంజిబార్ చేరేసరికి దాదాపు సూటిగా ఉత్తరానికి తిరగవలసి వచ్చేది. అంటే దక్షిణానికి పోయే ఓడలో, చుక్కాని ఉన్న వెనుక వైపుకు ముఖం పెట్టి నిలబడటం. తీరం, సూర్యుడు, నక్షత్రాలు, దిక్సూచి వాళ్ళకు రేవునూ ఖిబ్లానూ కూడా చూపించేవి. ఓడ ఊగి పడిపోయే భయం ఉంటే కూర్చుని చేసుకునే వెసులుబాటు ధర్మంలో ఉంది; లేకుంటే నిలబడే చేయాలి. నాలుగు రకాతుల నమాజులు ప్రయాణికులకు రెండే.

ఈ ప్రయాణికుడన్న మాట దగ్గర మేము కాస్త ఆగవలసి వచ్చింది. హంబలీ ధర్మశాస్త్ర గ్రంథాలలో ఒక ముచ్చటైన తీర్పు ఉంది. ఓడవాడు తన భార్యాబిడ్డలతో సహా ఓడపైనే కాపురముంటూ, ఒడ్డున వేరే ఇల్లు లేనివాడైతే, అతడు ప్రయాణికుడు కాడట. నమాజు పూర్తిగా చేయాలట. భార్యాబిడ్డలు ఉన్న చోటే ఇల్లు, అది నీళ్ళ మీద తేలుతున్నా సరే. బయాన్ కళాసీల ఇళ్ళు కువైట్‌లో ఉన్నాయి కనుక వాళ్ళు ప్రయాణికులే. మన వాళ్ళ సంగతి దీనికి తలక్రిందులు. కువైట్‌లో ఏళ్ళ తరబడి నివసిస్తున్న మన అబ్బాయి నాలుగు రకాతులూ పూర్తిగా చేస్తాడు. ధర్మం ప్రకారం అతడు స్థిరవాసి. మనసు ప్రకారం ఏమిటన్నది ఆ ఇంటి ఇల్లాలిని అడగాలి.

నమాజు తరువాత పని. డెక్కుపై ముందు భాగంలో ఇసుక పోసిన పెట్టెలో పొయ్యి ఉండేది. రొట్టె, ఖర్జూరం, బియ్యం, గాలంకు పడితే చేప, పైన కాఫీ, ఇదే భోజనం. పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని అందరూ ఒకే దానిలో తినేవారు. షిహ్ర్ నుండి ఆఫ్రికాకు బ్రతుకుదెరువు కోసం పోయే హద్రమౌత్ పేదలు వందమందికి పైగా ఎక్కిన తరువాత డెక్కు మీద కాలు పెట్టే చోటు లేకపోయింది. స్త్రీలూ పసిపిల్లలూ ఓడ వెనుక భాగంలోని క్రింది గదిలో, గాలి సరిగా ఆడని చోట ఉండవలసి వచ్చింది. మరుగుదొడ్డి అంటే ఓడ ప్రక్కన నీటి మీదకు వేలాడగట్టిన చెక్క పెట్టె. సముద్ర ప్రయాణాన్ని సుందరంగా ఊహించుకునేవారు ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోవాలి.

తెరచాప మార్చడం అన్నింటికన్నా కఠినమైన పని. గాలి పెరిగితే చాపను ముడిచే పద్ధతి వాళ్ళకు లేదు. పెద్ద చాపను పూర్తిగా దించి, చిన్న చాపను ఎక్కించాలి. దాన్ని మోసే దూలమే మహా బరువు. పాతికమంది తాడు పట్టుకుని, పాట పాడుతూ, అడుగు కలిపి లాగితే గాని అది పైకి లేవదు. గాలి లేని రోజుల్లో ఇంకొక రకం కష్టం. నీరు కొలిచి ఇస్తూ, తీరం కంటికి కనబడుతూ ఉన్నా చేరలేక, ఓపిక పట్టడమే. అల్లాహ్ తలచుకుంటే గాలిని ఆపివేయగలడనీ, అప్పుడు ఓడలు సముద్రం వీపున కదలకుండా నిలిచిపోతాయనీ షూరా సూరా చెబుతుంది. ఒడ్డున కూర్చుని చదివేవారికి అది ఒక ఉపమానంలా తోస్తుంది. ఆ కళాసీలకు అది నిన్నటి మధ్యాహ్నం.

వాళ్ళకు జీతం లేదు, వాటా ఉంది. ప్రయాణం ఖర్చులు పోగా మిగిలినదానిలో సగం ఓడకు, సగం మనుషులకు. లాభంలోనూ నష్టంలోనూ అందరూ భాగస్థులు కావడం చూడటానికి న్యాయంగానే ఉంది. కాని బయలుదేరే ముందే ఇంట్లో ఇచ్చి వెళ్ళడానికి కళాసీ కొంత సొమ్ము ముందుగా తీసుకునేవాడు. తిరిగి వచ్చేసరికి వాటా ఆ అప్పుకే సరిపోయేది, ఒక్కోసారి సరిపోయేది కూడా కాదు. నఖుదా వర్తకులకు బాకీ, కళాసీ నఖుదాకు బాకీ. 1929 తరువాతి మాంద్యం, జపాను వారి పెంపుడు ముత్యాలు కలిసి గల్ఫ్ ముత్యాల ధరను కూల్చివేయడంతో ఆ ముడి మరింత బిగిసింది. దైవప్రవక్త (సఅసం) తన నమాజులలో పాపం నుండి శరణు వేడుకునేటప్పుడు దానితోపాటే ఋణభారం నుండీ శరణు వేడుకునేవారు. వీసా కోసం వడ్డీకి తెచ్చి, మొదటి రెండేళ్ళ సంపాదన అంతా దానికే పోసిన కుటుంబాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. వాళ్ళకు ఆ దుఆ అర్థాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు బయాన్ టాంగన్యికా తీరంలోని రుఫీజీ నది ముఖద్వారంలో లంగరు వేసింది. అక్కడి మడ అడవుల నుండి కొయ్యలు నింపుకోవడానికి. బురదలో, దోమలలో, జ్వరాలతో ఆ కొయ్యలను మోసి ఓడ కడుపు నింపారు. చెట్లు లేని కువైట్‌లో ఇళ్ళ పైకప్పులకు దూలాలు అవే. ఆ కొయ్య పొడవును బట్టే గది వెడల్పు ఉండేది. అంతకు మించి వెడల్పు గది కట్టే వీలు లేదు.

జూన్‌లో ఓడ ఇల్లు చేరింది. పిల్లలు తండ్రిని గుర్తుపట్టి దగ్గరయ్యేలోపే ముత్యాల వేట ఋతువు పిలిచింది. అప్పు తీరనివారు మళ్ళీ చిన్న పడవలెక్కి, గల్ఫ్ ఎండలో ముక్కుకు క్లిప్పు పెట్టుకుని నీటి అడుగుకు దిగడానికి వెళ్ళిపోయారు. బయాన్ కదిలిన 1938లోనే బుర్గాన్ ఇసుక క్రింద చమురు బయటపడింది. యుద్ధం ముగిశాక 1946లో తొలి చమురు ఓడ బయలుదేరింది. కొన్నేళ్ళలోనే తెరచాపలు ఒడ్డున పడ్డాయి. నఖుదా నజ్దీ ఇతర వ్యాపారంలో స్థిరపడ్డారు. అయినా సముద్రాన్ని పూర్తిగా వదలలేకపోయారు. 1979లో చేపల వేటకు వెళ్ళి, తుఫానులో చిక్కుకుని అక్కడే కన్నుమూశారు.