ఏడు చేపల కథ – బొమ్మల పుస్తకం

"గిది పోరగాళ్ళ పుస్తకం కదా సారూ, మాకెందుకు?" బొమ్మల పుస్తకం చేతికిస్తే మన ఊళ్ళల్లో పెద్దవాళ్ళు అనే మాట ఇది. సిగ్గు పడకండి. వాడకపోతే నేర్చిన అక్షరాలు మరిచిపోతాం. వాడడానికి ఇంతకన్నా సులువైన పుస్తకం లేదు.

ఏడు చేపల కథ మీకు తెలిసిందే. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు పోతారు. ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు. ఆరు ఎండుతాయి. ఒకటి ఎండదు. ఎందుకని అడిగితే గడ్డిమోపు అడ్డం వచ్చిందంటుంది చేప. గడ్డి ఆవు మీద చెబుతుంది. ఆవు పాలేరు మీద చెబుతుంది. పాలేరు అవ్వ మీద చెబుతాడు. పసివాడు ఏడ్చాడు, అందుకే బువ్వ పెట్టలేదంటుంది అవ్వ. వాణ్ణి చీమ కుట్టింది. చీమ మాత్రం ఎవరి మీదా చెప్పదు. తన పుట్టలో వేలు పెట్టాడు, కుట్టానంటుంది. నాకైతే చీమే నచ్చుతుంది.

చిన్నప్పుడు విన్న కథ కాబట్టి తర్వాత ఏం వస్తుందో ముందే తెలుసు. పైగా "ఎందుకు" అనే మాట మాటిమాటికీ వస్తుంది. మొదట కూడబలుక్కుని చదువుతాం. నాలుగోసారికి చూడగానే గుర్తుపడతాం.

ఒక చిక్కు ఉంది. బొమ్మ చూసి "జీతగాడు" అనేస్తాం. కింద "పాలేరు" అని ఉంటుంది. అందుకని బొమ్మను చేత్తో మూసి, ముందు అక్షరాలు చదవండి. తర్వాత చెయ్యి తీసి సరిచూసుకోండి. మీ అవ్వ చెప్పిన కథకూ పుస్తకానికీ తేడా కనిపించిందా? అయితే మీరు నిజంగా చదువుతున్నట్టే.

జర్మనీలో గ్రిమ్ అన్నదమ్ములు ఇలాగే నోటి కథలు సేకరించి 1812లో పుస్తకం వేశారు. అందులో బొమ్మలు లేవు. పండితులకు పనికొచ్చే వివరాలు మాత్రం బోలెడు. 1825లో 50 కథలు ఏరి చిన్న పుస్తకం చేశారు. వాళ్ళ తమ్ముడు లుడ్విగ్ దానికి 7 బొమ్మలు గీశాడు. 1858 దాకా ఆ చిన్న పుస్తకం 10 సార్లు అచ్చయింది. బొమ్మ బలం అది.

రాత్రి మీ పిల్లలకు మీరే చదివి వినిపించండి. వేలు అక్షరాల కింద పెట్టి చదవండి, వాళ్ళూ చూస్తారు. "వేటకు పోయి చేపలెట్ల తెచ్చిండ్రు?" అని అడుగుతారు. కథలో దానికి జవాబు లేదు. మన ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట మీదికి తీసుకుపోయి, మీకు తోచిన జవాబు చెప్పండి.