ఇంటి కంప్యూటరుకు వైఫై: మనమే సరిచేసుకోగల సంగతులు

ఈఏపీసెట్ కౌన్సెలింగులో కాలేజీలు ఎంచుకోవాలన్నా, స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టాలన్నా ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే. ప్రతి దానికీ ఒక గడువు తేదీ ఉంటుంది. ఆ రోజుల్లో ముత్తుకూరు చుట్టుపక్కల పిల్లలు నెట్ సెంటర్ల దగ్గర వేచి ఉండడం మేము ఏటా చూస్తున్నాం. ఆడపిల్లలకైతే పొద్దుపోయాక అక్కడ కూర్చోవడం మరీ ఇబ్బంది. పని తొందరలో ఆధార్ నంబరు, పాస్‌వర్డు, ఓటీపీ అన్నీ పరాయి చేతుల్లో పెట్టి వస్తున్నారు. ఇంట్లో ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్ ఉన్నా, "నెట్ రావడం లేదు సార్" అని దానికి గుడ్డ కప్పేస్తున్నారు. చాలాసార్లు అది చెడిపోయినది కాదు, ఒకటి రెండు సెట్టింగులు మారిస్తే నడిచేదే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందుగా ఒక విషయం గుర్తుంచుకోవాలి. వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు. మిద్దె మీది ట్యాంకు నుంచి కుళాయికి ఒక పైపు, వీధి లైను నుంచి ట్యాంకుకు మరో పైపు ఉంటాయి కదా! అలాగే కంప్యూటర్ నుంచి రౌటరుకు ఉన్న దారి వైఫై. రౌటర్ నుంచి బయటికి వెళ్లే దారి ఇంటర్నెట్. రెండూ బాగుంటేనే పని జరుగుతుంది. ఏది ఆగిందో తెలుసుకోవడం సులువే. సెల్‌ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, అదే వైఫైకి కలిపి చూడండి. ఫోనులోనూ రాకపోతే తప్పు రౌటర్ దగ్గరో, బయటి లైనులోనో ఉంది. ఫోనులో వచ్చి కంప్యూటర్‌లో రాకపోతే తప్పు కంప్యూటర్‌లో ఉంది.

బయటి లైను సంగతి చూద్దాం. మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేశారు. ఖర్చు తగ్గించడానికి దాని తీగను ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా లాగారు. మనది సముద్రతీరం. గాలివానకు స్తంభాల మీది తీగ తెగితే నెట్ ఆగుతుంది. ఫైబర్ పెట్టె మీద 'లాస్' అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు వెలిగితే వెలుతురు సంకేతం పెట్టె దాకా రావడం లేదని అర్థం. తీగ ఇంట్లోనే ఎక్కడైనా మెలిక పడిందేమో చూసి, లేకపోతే కేబుల్ ఆపరేటరుకు చెప్పాలి. కంప్యూటర్‌లో ఎన్ని మార్చినా అప్పుడు ఉపయోగం లేదు. ఎర్ర లైటు లేకపోతే పెట్టెను ఒక నిమిషం ఆపి మళ్లీ వేయండి.

ఇక కంప్యూటర్ దగ్గరికి వద్దాం. విండోస్ 10, 11లలో తెర కింద కుడి మూలన ఉన్న నెట్‌వర్క్ గుర్తు నొక్కితే వైఫై పేర్లు కనిపిస్తాయి. మన పేరు ఎంచి పాస్‌వర్డు కొట్టాలి. ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా తప్పకుండా చూసుకోవాలి. పేర్లేవీ కనిపించకపోతే 'ఎయిర్‌ప్లేన్ మోడ్' ఆన్‌లో ఉందేమో చూడండి. పాత డెస్క్‌టాపుల్లో చాలావాటికి వైఫై ఉండదు. యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొని పెట్టాలి, లేదా ఫోనును కేబుల్‌తో కలిపి 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయాలి. కొన్ని రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు పేర్లు చూపిస్తాయి. 5 వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి బలం తగ్గుతుంది. పాత యంత్రాలకు అది అసలు కనిపించకపోవచ్చు. అప్పుడు 2.4 ఎంచుకోవాలి.

ఆఫీసుల నుంచి విరాళంగా వచ్చిన కంప్యూటర్లలో ఆ ఆఫీసు సెట్టింగులు మిగిలిపోయి ఉండవచ్చు. వైఫై కలిసినా నెట్ రాకపోతే మూడు చోట్ల చూడండి. సెట్టింగ్స్‌లో 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్' తెరిచి, 'ప్రాపర్టీస్'లో 'ఐపీ అసైన్‌మెంట్' మాన్యువల్ అని ఉంటే 'ఆటోమేటిక్'గా మార్చాలి. ఐపీ నంబరు 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రసు అందలేదని గుర్తు. అప్పుడు కనెక్షన్ తీసేసి మళ్లీ కలపాలి. రెండోది 'ప్రాక్సీ'. అది ఆన్‌లో ఉంటే ఆపేయాలి. మూడోది తేదీ. మదర్‌బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీ అయిపోతే కంప్యూటర్ పాత సంవత్సరం చూపిస్తుంది. అప్పుడు బ్యాంకు, ప్రభుత్వ సైట్లు సురక్షితం కాదని హెచ్చరిక వచ్చి ఆగిపోతాయి. తేదీ, సమయం సరిచేస్తే తెరుచుకుంటాయి. బ్యాటరీ కూడా మార్పించాలి.

ఫోను హాట్‌స్పాట్‌తో నడిపేవారు ఆ వైఫై ప్రాపర్టీస్‌లో 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చేయాలి. లేకపోతే విండోస్ అప్‌డేట్లు తమంతట తామే దిగి, పిల్లల పాఠాలకు ఉంచుకున్న రోజు డేటా అంతా అయిపోతుంది.

చివరగా భద్రత. వైఫైకి పాస్‌వర్డు లేకుండా ఉంచకండి. రౌటర్‌లో డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఎంచుకోవాలి. రౌటర్ సెట్టింగులు తెరిచే పాస్‌వర్డు వేరుగా ఉంటుంది. 'అడ్మిన్' అని వచ్చినదాన్ని వచ్చినట్టే వదిలేయకుండా మార్చుకోవాలి. మన కనెక్షన్ మీద ఎవరు తప్పు చేసినా విచారణ ముందుగా అది ఎవరి పేరున ఉందో వారి దగ్గరికే వస్తుంది. బస్టాండు, రైల్వే స్టేషన్ లాంటి చోట్ల 'పబ్లిక్ నెట్‌వర్క్' అనే ఎంచుకోవాలి, అక్కడ డబ్బు వ్యవహారాలు పెట్టుకోకూడదు. ఎవరైనా మోసగించి డబ్బు లాగేస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

పెద్దలకు మా మనవి ఒక్కటే. మూలన పడి ఉన్న కంప్యూటరుకు గుడ్డ తీసి, ఈ పేజీ పక్కన పెట్టుకుని, పిల్లల చేత ఒక్కొక్కటే చేయించండి. ఇది ఇప్పుడు తీరికగా ఉన్నప్పుడే చేయాలి, దరఖాస్తు గడువు చివరి రోజు దాకా ఆగవద్దు. నేర్చుకున్న అమ్మాయో అబ్బాయో పక్కింటి వారికి కూడా కలిపి పెడితే, వచ్చే ఏడు నెట్ సెంటర్ దగ్గర నిలబడే పిల్లలు కొందరైనా తగ్గుతారు.