గుర్రపు పందెములు – నిజాయితీ, వంచన

గుర్రమును పరుగెత్తించుట వేరు, దానిపై సొమ్ము ఒడ్డుట వేరు. మొదటిది విద్య, రెండవది వ్యసనము. ప్రవక్త ముహమ్మద్ (స) మదీనాలో గుర్రపు పరుగులు జరిపించినట్లు హదీసు గ్రంథములు తెలుపుచున్నవి. అయితే పవిత్ర ఖురాన్ జూదమును మద్యముతో జతచేసి నిషేధించినది. శకుని పాచికలకు ధర్మరాజు రాజ్యమునే కోల్పోయిన కథ మనమందరము ఎరిగినదే.

ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలమున, 1886లో, హైదరాబాదు మలక్‌పేటలో పందెముల మైదానము ఏర్పడినది. అక్కడ నేటికిని పందెములు జరుగుచున్నవి. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టము జూదమును నిషేధించుచునే, ప్రభుత్వానుమతి గల మైదానపు ఆవరణలో, పందెము జరుగు దినముననే కాయు పందెమును మినహాయించినది. గుర్రపు పందెము కేవలము అదృష్టము కాదనియు, గుర్రపు జాతి, శిక్షణ, జాకీ నేర్పు అందు ప్రధానమనియు 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

ఈ మినహాయింపునకు ఆధారము నైపుణ్యము. నైపుణ్యమునకు ఆధారము నిజాయితీ. ఫలితము ముందే నిర్ణయమైనచో, ఎంతటి పరిశీలకుని అంచనాయైనను వ్యర్థమే కదా!

వంచనకు మార్గములు పెక్కు. పందెములలో బలమైన గుర్రముపై ఎక్కువ బరువు, బలహీనమైన దానిపై తక్కువ బరువు మోపి పోటీని సమము చేయుదురు. ఈ మంచి నియమమే దురాశకు ద్వారమగుచున్నది. జాకీ కళ్ళెము బిగబట్టి గుర్రమును కావలెనని వెనుకబడునట్లు చేసినచో, తరువాతి పందెమున దానిపై బరువు తగ్గును; దానిని నమ్మువారు తగ్గుటచే రాబడి రేటు పెరుగును. రహస్యము తెలిసిన కొద్దిమంది అప్పుడు దానిపై సొమ్ము కాయుదురు. మందులిచ్చి వేగమును పెంచుటయు, తగ్గించుటయు మరియొక మార్గము. ఒక గుర్రము పేర మరొక గుర్రమును దించుటయు కలదు. 1844లో ఇంగ్లండులోని ఎప్సమ్ డెర్బీలో మూడేండ్ల గుర్రములకు మాత్రమే ప్రవేశముండగా, నాలుగేండ్ల గుర్రమును ‘రన్నింగ్ రైన్’ అను పేర పరుగెత్తించిరి. అది మొదట వచ్చినను, మోసము బయటపడి విజయము ‘ఓర్లాండో’కు దక్కినది.

వీనిని అరికట్టుటకు స్టీవార్డులు విచారణలు జరుపుదురు, పరుగును చిత్రీకరింతురు, గుర్రముల మూత్రమును పరీక్షింపజేయుదురు. ఇవి అవసరమే. కాని మోసమేమియు లేని పందెమున మాత్రము మన సొమ్ము క్షేమమా? లెక్క వేసి చూతము. టోట్ పద్ధతిలో, అనగా అందరి సొమ్మును ఒకచోట చేర్చి పంచు పద్ధతిలో, రూ. 10,000 చేరినదనుకొందము. నిర్వాహకుల భాగము, పన్నులు కలిసి నూటికి 20 చొప్పున తీసినచో, పంచుటకు రూ. 8,000 మిగులును. ఆ మొత్తమునే మరల కాసినచో రూ. 6,400 మాత్రమే. గెలిచినవాడు కొందరికి కనబడును; కాని పందెము కాసినవారందరు కలిసి చూచుకొన్నచో నష్టమే తథ్యము.

మైదానమునకు పోవలసిన పని లేకుండ ఇప్పుడు పందెము చేతిలోని ఫోనునకే వచ్చినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లో చట్టమును సవరించి ఆన్‌లైన్ జూదమును నిషేధించినను ఆకర్షణ తొలగలేదు. మన రాయలసీమలో మట్కా చీటీ ఎన్ని ఇండ్ల పొయ్యిలను ఆర్పినదో ఆత్మకూరు విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

కావున విద్యార్థులారా! ఎవరైనను “ఈ గుర్రము తప్పక గెలుచును” అని చెవిలో చెప్పినచో, ఒక్క ప్రశ్న వేసికొందము. అది అబద్ధమైనచో మనము మోసపోవుచున్నాము. నిజమైనచో ఇతరులను మోసగించుటలో భాగస్వాములమగుచున్నాము. ఆ రెంటిలో దేనిని మనము కోరుకొందుము?