పథ్యం ఎందుకు పెడతారు?

పిల్లలూ! కడుపులో బాగా లేక రెండు రోజులు మంచం పట్టి లేచిన తరువాత, మీ అమ్మ మీకు మెత్తని అన్నమూ, మిరియాల చారూ పెడుతుంది. పక్కనే మీ అన్నయ్య ఆవకాయ కలుపుకొని, నెయ్యి వేసుకొని తింటూ ఉంటాడు. అప్పుడు మీకు ఎంత కోపం వస్తుందో నాకు తెలుసు. ఏళ్ళ తరబడి బడిపంతులుగా పనిచేసినవాణ్ణి. పథ్యంలో ఉండి, ముఖం ముడుచుకొని బడికి వచ్చిన పిల్లలను ఎంతోమందిని చూచాను.

మొన్న వేసవి సెలవులలో మా మనవడు విజయవాడ నుంచి కొండపల్లికి, మా ఇంటికి వచ్చాడు. నాలుగో తరగతి పూర్తి చేశాడు. వచ్చిన మరునాడే బొమ్మలు చేసేవాళ్ళ వీధికి పోయి, తెల్లపొణికి కర్ర చెక్కి అంబారీ ఏనుగును తయారుచేయడం చూస్తూ మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాడు. తిరిగి వస్తూ ఒక బండి దగ్గర కోసి పెట్టిన మామిడిపండు ముక్కలు తిని, ఐసు వేసిన చెరుకు రసం త్రాగాడు. ముక్కల మీద ఈగలు ముసురుతూనే ఉన్నవని తరువాత వాడే ఒప్పుకున్నాడు. ఆ రాత్రి రెండు గంటలకు మొదలైనది. తెల్లవారేలోగా నాలుగు వాంతులు, ఆరు విరేచనాలు.

తెల్లవారగానే సలహాలు కూడా మొదలైనవి. పక్కింటి పిన్నిగారు వచ్చి, "అన్నయ్యగారూ, లంఖణం పరమౌషధం. ఇవాళ పిల్లవాడికి ఏమీ పెట్టకండి. నీళ్ళు కూడా తగ్గించండి, పోసినకొద్దీ పోతుంది" అన్నది. ఎదురింటి కుర్రవాడు మందుల దుకాణం నుంచి రంగు రంగుల కాయితపు డబ్బాలో ఏదో తియ్యని పానీయం తెచ్చాడు. విజయవాడ నుంచి మా అమ్మాయి ఫోను చేసి, "నాన్నా, పాలల్లో రొట్టె ముంచి పెట్టండి, నీరసం తగ్గుతుంది" అన్నది. అందరూ మంచి మనసుతో చెప్పినవారే. కాని ఆ మూడు సలహాలలో ఒక్కటి కూడా మంచిది కాదు.

'లంఖణం పరమౌషధం' అన్న మాట విన్నప్పుడల్లా నాకు మా తమ్ముడు గుర్తుకు వస్తాడు. 1966లో నాకు ఏడేళ్ళు, వాడికి రెండేళ్ళు. గుడివాడ వైపు ఒక పల్లెటూళ్ళో ఉండేవాళ్ళం. కాలువ నీళ్ళే త్రాగేవాళ్ళం. వాడికి విరేచనాలు పట్టుకున్నవి. నీళ్ళు ఇస్తే ఇంకా ఎక్కువవుతుందని పెద్దవాళ్ళు నమ్మారు. వాడు మంచం మీద నుంచి నీళ్ళబిందె వైపు చెయ్యి చూపేవాడు. నేను గ్లాసు తీసుకొని వెళ్ళబోతే నన్ను వారించారు. రెండో రోజు సాయంత్రానికి కళ్ళు లోతుకు పోయినవి, ఏడిస్తే కన్నీరు రాలేదు. మూడో రోజు వాడు లేడు. మా అమ్మను గాని, మామ్మను గాని నేను ఎన్నడూ తప్పు పట్టలేదు. ఆనాడు వాళ్ళకు తెలిసినది అంతే. లంఖణం మాట బొత్తిగా అబద్ధమని కూడా నేను అనను. పెళ్ళి భోజనంలో బూరెలు ఎక్కువ తిన్న పెద్దమనిషి ఒక పూట మానితే మంచిదే. కాని విరేచనాలు అవుతున్న పిల్లవాడికి నీళ్ళు మానిపించడం ప్రాణాంతకం.

విరేచనాలలో మనిషిని చంపేది ఎక్కువగా కడుపులోని క్రిమి కాదు. ఒంట్లోని నీరూ, ఉప్పూ బయటకు పోవడమే. మరి పోసిన నీరు పోయినట్టే పోతున్నదని పిన్నిగారు అన్న మాట? వట్టి నీరు పోస్తే అందులో కొంత నిజం ఉన్నది. ఇక్కడ ఒక తమాషా ఉన్నది, వినండి. కృష్ణా కాలువల మీద లాకులు మీరు చూచే ఉంటారు. లాకు తలుపు తెరిస్తే గాని పడవ దాటదు. మన చిన్నప్రేగు గోడలోనూ అటువంటి తలుపులు ఉన్నవి. ఉప్పులోని సోడియమూ, గ్లూకోజు అనే చక్కెరా జతగా వస్తేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. అవి లోపలికి పోతే వాటి వెంట నీరు కూడా పోతుంది. రోగంతో ప్రేగు దెబ్బతిని ఉన్నప్పుడు కూడా ఈ తలుపులు చాలావరకు పనిచేస్తూనే ఉంటవి. ఈ జత సంగతిని 1960లో రాబర్ట్ క్రేన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు వివరించాడు. 1968లో ఢాకాలో కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీరు త్రాగించి గుణం చూచారు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. లక్షల మంది కాందిశీకులు సరిహద్దు దాటి మన దేశానికి వచ్చారు. బెంగాలులోని బన్‌గావ్ దగ్గర కలరా వ్యాపించింది. నరాలలోకి ఎక్కించే సెలైను అయిపోయింది. అక్కడ పనిచేస్తున్న డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీళ్ళలో కలిపించి పెద్ద డ్రమ్ములలో పోయించాడు. రోగుల బంధువులే లోటాలతో పట్టుకొని పోయి త్రాగించారు. వందకు 30 దాకా ఉన్న మరణాలు 4 లోపుకు దిగినవి! ఈనాడు మన ఆరోగ్య కేంద్రాలలో ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లం ఆ డ్రముల నీటికి వారసురాలే. మహలనబిస్ 2022లో చనిపోయాడు. 2023లో ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించారు. మా తమ్ముడు పోయిన అయిదేళ్ళకు జరిగిన సంగతి ఇది.

కనుక మొదట మా మనవడికి ఓ.ఆర్.ఎస్. పొట్లం విప్పి, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో పూర్తిగా కలిపాను. సగం పొట్లం, సగం నీళ్ళు అని లెక్కలు వేయకూడదు. మొదటి రెండు చెంచాలకే వాడు వాంతి చేసుకున్నాడు. పది నిమిషాలు ఆగి, మళ్ళీ చెంచా చెంచాగా పట్టాను. ఈసారి నిలిచింది. ఆ తరువాత ఒక్కొక్క విరేచనానికి అర గ్లాసు నుంచి గ్లాసు దాకా త్రాగించాను. పొట్లం దొరకని వేళ లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. చెంచాలు తలకొట్టి కొలవాలి, అవి చిన్న టీ చెంచాలు కావాలి.

ఎదురింటి కుర్రవాడు తెచ్చిన డబ్బాను మాత్రం పక్కన పెట్టాను. అందులో పంచదార చాలా ఎక్కువ. ప్రేగులో పంచదార మితిమీరితే అది ఒంట్లోని నీటిని ప్రేగులోకి లాగుతుంది. విరేచనాలు పెరుగుతవి. ఇటువంటి పానీయాలు ఓ.ఆర్.ఎస్. అన్న పేరు తగిలించుకొని అమ్ముడుపోతూ ఉండేవి. హైదరాబాదులోని పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీనిమీద ఏళ్ళ తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ వారు ఆ పేరు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చారు. కొనేటప్పుడు పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసినదని ఉన్నదో లేదో చదవండి. చదువుకున్నది ఇందుకే కదా!

మధ్యాహ్నానికి వాంతులు ఆగినవి. వాడు, "అమ్మమ్మా, ఆకలి" అన్నాడు. మా ఇంటావిడ ముఖం వికసించింది. ఇక్కడి నుంచి పథ్యం ఆమె చేతిలోనిది.

మొదట ఉప్పు వేసిన గంజి. బియ్యంలోని పిండిపదార్థం కడుపులో మెల్లగా గ్లూకోజుగా మారుతుంది. ఉప్పు ఉండనే ఉన్నది. అంటే మన గంజి ఆ లాకు తలుపుకు తాళంచెవి వంటిదే! సాయంత్రం నూక జావ. మరునాడు మెత్తగా వండిన అన్నంలో పల్చని పెసరకట్టు. రాత్రికి రెండు ఇడ్లీలు, పచ్చడి లేకుండా. వాడు ఏడుపు ముఖం పెట్టాడు గాని తిన్నాడు. బాగా మాగిన అరటిపండు కూడా పెట్టాము. విరేచనాలలో పోయే పొటాషియం అనే లవణం అందులో ఉంటుంది. బీరకాయ, పొట్లకాయ మన ఇళ్ళలో తాతల నాటి పథ్యపు కూరలు. తొక్క తీసి, నూనె తగ్గించి మెత్తగా వండితే ప్రేగుకు పని తక్కువ.

"పాలు ఎందుకు వద్దన్నావు, తాతయ్యా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. ప్రేగు లోపలి గోడ మీద మఖమలు గుడ్డ నూగు వలె సన్నని మొటిమలు ఉంటవి. పాలలోని చక్కెరను విరిచే రసం ఆ మొటిమల చివరలలోనే తయారవుతుంది. రోగం వచ్చినప్పుడు ముందుగా దెబ్బతినేవి ఆ చివరలే. అప్పుడు పాలు త్రాగితే ఆ చక్కెర అరగక పులిసి, కడుపు ఉబ్బి, మళ్ళీ విరేచనాలు కావచ్చు. మజ్జిగ అట్లా కాదు. పెరుగులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత ముందే తినివేస్తవి. అందుచేత వెన్న తీసిన పల్చని మజ్జిగలో ఉప్పు వేసి ఇచ్చాము. ఒక్క మాట: చంటిపిల్లలకు తల్లిపాలు మాత్రం ఎన్నడూ ఆపకూడదు.

ఇక ఆవకాయ సంగతి. మిరపకారం నాలుక మీదనే కాదు, ప్రేగులోనూ మండుతుంది. నూనె, నెయ్యి ఎక్కువైతే అరగడానికి చాలా సేపు పడుతుంది. వాడికి ఇట్లా చెప్పాను: "బొమ్మల వీధిలో నీవు చూచావు గదా. ఏనుగుకు తొండం అతికించేటప్పుడు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు పెడతారు. మక్కు ఆరకుండా రంగు వేస్తారా?" "వెయ్యరు. తొండం ఊడిపోతుంది" అన్నాడు. "నీ ప్రేగు గోడ మూడు నుంచి అయిదు రోజులలో కొత్త పొర వేసుకుంటుంది. ఆ మక్కు ఆరనీ."

అయితే పథ్యం పేరుతో పిల్లలను వారాల తరబడి చారన్నం మీద ఉంచే ఇళ్ళు కూడా నేను చూచాను. అది తప్పు. అమెరికాలో కూడా ఇట్లాగే అరటిపండు, అన్నం, యాపిలు గుజ్జు, కాల్చిన రొట్టె మాత్రమే పెట్టే పద్ధతి చాలాకాలం నడిచింది. మాంసకృత్తులు చాలవని ఇప్పుడు డాక్టర్లు అంతటితో ఆపవద్దంటున్నారు. పిల్లవాడు తినగలిగిన వెంటనే పప్పు, గ్రుడ్డు, పెరుగు మెల్లగా చేర్చాలి. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన జింకు మాత్రలు విరేచనాలు తగ్గినా సరే 14 రోజులు వాడించాము.

ఎంత కట్టుదిట్టంగా పెట్టినా తగ్గని జబ్బులూ ఉంటవి. మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే దీర్ఘ విరేచనాల వ్యాధితో పోయారు. ఆయనకూ అదే జబ్బు వచ్చింది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికి బయటపడ్డారు. తరువాత అమెరికా వెళ్ళి, 1945లో తన బృందంతో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. ఆ స్ప్రూ వ్యాధికే అది మందు అయింది!

తల్లిదండ్రులు గమనించవలసినవి కొన్ని ఉన్నవి. పిల్లవాడు త్రాగలేకపోయినా, మగతగా ఉన్నా, కళ్ళు లోతుకు పోయినా, ఆరు గంటలసేపు మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం పడినా గంజి కాస్తూ కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకొని పోవాలి. పొట్ట మీది చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే ఠక్కున సర్దుకోవాలి. మెల్లగా సర్దుకుంటే నీరు బాగా తగ్గినదన్నమాట.

మూడో రోజు మధ్యాహ్నం అందరూ నిద్రపోతుండగా మా మనవడు ఆవకాయ జాడీ మూత తీశాడు. చప్పుడుకు నేను లేచాను. వాడు మూత పెట్టి, "వాసన చూస్తున్నాను, అంతే" అన్నాడు. వాసనకు పథ్యం లేదన్నాను.

ఆరో రోజు ఉదయం కాచిన నీళ్ళ సీసా భుజాన తగిలించుకొని బొమ్మల వీధికి పరుగెత్తాడు. మధ్యాహ్నం తిరిగి వచ్చి గుమ్మంలో నుంచే కేక వేశాడు: "తాతయ్యా! ఏనుగుకు పథ్యం అయిపోయింది, రంగు వేశారు!" ఆ పూట వాడి కంచంలో మా ఇంటావిడ గోరంత ఆవకాయ వేసింది.