పేరు ఒకటే, విలువలు రెండు!
కంపైలరు హెచ్చరికను తోసేస్తే తిప్పలే

తిరుపతి: కంప్యూటరు ల్యాబుల్లో సి భాష నేర్చే చాలామంది తప్పు అని చూపితే దిద్దుతారు, హెచ్చరిక అని చూపితే వదిలేస్తారు. ప్రోగ్రాం నడుస్తోంది కదా అన్నది వాళ్ల ధీమా. ఒకే మాక్రోను రెండుసార్లు నిర్వచించినప్పుడు వచ్చే హెచ్చరికను మాత్రం అలా వదలడం మంచిది కాదు.

మాక్రో అంటే పెద్ద విద్యేమీ కాదు. ఫలానా పేరు కనిపించిన చోటల్లా ఫలానా అంకె వేయమని ముందే చెప్పి పెట్టడం. మార్కుల జాబితా ప్రోగ్రాంలో, పేరుకు 40 అక్షరాలు చాలునని 'నేమ్ మ్యాక్స్' అనే మాక్రోకు 40 ఇచ్చారనుకుందాం. చిక్కేమిటంటే లినక్సులో ఆ పేరు ముందే ఉంది. ఫైలు పేరు ఎంత పొడవు ఉండవచ్చో చెప్పే లెక్క అది. విలువ 255. 'లిమిట్స్' అనే హెడర్ ఫైలును కలుపుకుంటే అదీ వెంట వస్తుంది.

హెడర్ పైన, సొంత మాక్రో కింద ఉంటే జిసిసి కంపైలరు హెచ్చరిస్తుంది. పాత నిర్వచనం ఏ ఫైలులో, ఎన్నో వరుసలో ఉందో కూడా చూపుతుంది. మాక్రో పైన, హెడర్ కింద ఉంటేనే అసలు ప్రమాదం. సిస్టం హెడర్లలో పుట్టే హెచ్చరికలను కంపైలరు మామూలుగా బయటపెట్టదు. 40 కాస్తా చడీచప్పుడు లేకుండా 255 అయిపోతుంది. ప్రోగ్రాం రెండు ఫైళ్లుగా ఉండి, ఒకదానిలో 40, రెండోదానిలో 255 పడితే, ఒకటి రాసిన రికార్డును మరొకటి తప్పుగా చదువుతుంది. ఒకరి మార్కులు ఇంకొకరి పేరున చేరినా ఆశ్చర్యం లేదు.

కాబట్టి వరుస మార్చి హెచ్చరికను మాయం చేశామని సంబరపడితే లాభం లేదు. సిస్టం హెడర్‌నే దిద్దబోవడం ఇంకా చేటు. అది ఊరందరి బావి, మిగతా ప్రోగ్రాములూ అక్కడే తోడుకుంటాయి.

సొంత మాక్రో పేరు మార్చుకోవడమే సరైన దారి. ఉత్తరం మీద ఉత్త 'కొత్తపల్లె' అని రాస్తే ఏ కొత్తపల్లెకని తపాలా వాళ్లు అడగరా? 1972లో పిన్ కోడు వచ్చింది ఇలాంటి తికమకలు తప్పించడానికే. ఇక్కడా అంతే, 'స్టూడెంట్ నేమ్ లెంగ్త్' అని పెడితే గొడవ లేదు. చివర 'మ్యాక్స్' వచ్చే పేర్లను లిమిట్స్ హెడర్ కోసం పోసిక్స్ ప్రమాణం ముందే కేటాయించింది కనుక ఆ తోక జోలికి పోకపోవడం మేలు.

అనుమానం తీరకపోతే జిసిసికి 'డాష్ ఇ', 'డాష్ డిడి' అనే రెండు ఆప్షన్లు ఇచ్చి చూడవచ్చు. ఏ మాక్రోకు ఎక్కడ ఏ విలువ ఇచ్చారో వరుసగా తెర మీదికి వస్తుంది.